ఇంజిన్ లైటు వెలిగితే సెన్సార్ మార్చాల్సిందేనా?

కారు డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలగ్గానే చాలా చోట్ల వినిపించే మాట, "సెన్సార్ పోయింది, మార్చేద్దాం భాయ్". కొత్తది వేశాక రెండు రోజులకే లైటు మళ్లీ వస్తే పెట్టిన డబ్బంతా వృథా. కారు నడిస్తేనే ఇల్లు గడిచే ట్యాక్సీ కుటుంబాలకు ఇది చిన్న దెబ్బ కాదు.

ముందు స్కానర్ పెట్టించాలి. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల పోర్టుకు దాన్ని తగిలిస్తే కోడ్ కనిపిస్తుంది. అయితే కోడ్ చెప్పేది తేడా ఎక్కడుందన్నదే, ఏ పార్టు పోయిందన్నది కాదు. పి0135 అంటే ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సర్క్యూట్‌లో లోపం. ఫ్యూజు కాలినా, ఎలుకలు వైరు కొరికినా, కనెక్టర్‌కు తుప్పు పట్టినా ఇదే కోడ్ వస్తుంది. పి0171 అంటే ఇంజిన్‌లో పెట్రోలుకు మించి గాలి ఉందని. గాలి పైపు పగిలినా ఇది రావచ్చు. అప్పుడు సెన్సార్ నిజమే చెబుతున్నట్టు.

అందుకే ఇంజిన్ చల్లారాక ముందు ఫ్యూజు, వైర్లు, కనెక్టర్ చూడాలి. అవన్నీ బాగుంటే హీటర్ పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టి రెసిస్టెన్స్ కొలవాలి. రీడింగే రాకపోతే హీటర్ తెగినట్టే, అప్పుడు సెన్సార్ మార్చక తప్పదు.

ఒక్క జాగ్రత్త. లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం బండి పక్కకు ఆపేయాలి. ఇంజిన్ మిస్‌ఫైర్ అవుతోందని దానర్థం. అలాగే నడిపితే ఖరీదైన కేటలిటిక్ కన్వర్టర్ కూడా పాడవుతుంది.

పార్టు కొనే ముందు మెకానిక్‌ను అడగాల్సింది ఒక్కటే: "ఏం చెక్ చేసి సెన్సార్ పోయిందన్నారు భాయ్?"