చెడిపోతే ఏమవుతుంది?

ఇంటికీ, కారుకూ స్వయంచాలక సాధనాలు కొనేవారు రైలుపట్టాల నుండి నేర్చుకోదగిన పాఠం

మే నెల మధ్యాహ్నం. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎండ నిప్పులు చెరుగుతున్నది. కిటికీ కిటికీకీ ఒక కూలరు హోరుమని తిరుగుతున్నది. అటువంటి ఇంటిలో ఒక దృశ్యాన్ని ఊహించండి. సిగ్నలు శాఖలో జీవితమంతా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న తాతగారు పడకకుర్చీలో కూర్చున్నారు. మనుమడు కొత్త గీజరు కొని తెచ్చి దాని గుణగణాలు వర్ణిస్తున్నాడు. నీరు కాగగానే అది తనంతట తానే ఆగిపోతుందట; చల్లారగానే తానే మళ్ళీ పనిచేస్తుందట; సెల్‌ఫోనుతో కూడా నడపవచ్చునట. అంతా విని తాతగారు ఒకే ఒక ప్రశ్న వేస్తారు: "బాగానే ఉన్నది గాని నాన్నా, చెడిపోతే ఏమవుతుంది?"

మనుమడికి అది అపశకునపు మాటగా తోచవచ్చును. కాని ఆ ప్రశ్నను అడిగి అడిగి, ఎన్నో ప్రాణాలను మూల్యంగా చెల్లించి, రైల్వేలు ఒక సూత్రాన్ని నేర్చుకున్నవి. మనిషి చేసిన ప్రతి యంత్రమూ ఏదో ఒకనాడు చెడుతుంది. చెడకుండా చేయడం ఎవరికీ సాధ్యం కాదు. చెడినపుడు ఏ వైపునకు ఒరగాలో నిర్ణయించడం మాత్రం సాధ్యమే. మంచి సాధనం క్షేమం వైపునకు ఒరుగుతుంది.

పట్టాలు చెప్పిన పాఠం

బిలాస్‌పూర్ రైలుతో పెరిగిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన ప్రధాన మార్గాన్ని నాగపూర్ నుండి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు వేసి, 1891 ఫిబ్రవరిలో సరకుల రాకపోకలకు తెరిచింది. ఉత్తర కోస్తా నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ రైల్వేలో కొలువుకు వచ్చి, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి ఊళ్ళలో తరతరాలుగా స్థిరపడినవి. 2003 నుండి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. ఆ కుటుంబాల పెద్దలలో ఎందరికో ఈ సూత్రం పుస్తకాలతో పనిలేకుండా చేతికి వచ్చిన విద్య.

పాతకాలపు రెక్క సిగ్నలునే తీసుకోండి. క్యాబిన్‌లో మీట లాగితే తీగ బిగిసి రెక్క వాలుతుంది. దారి ఉన్నదని అర్థం. తీగ తెగితే? రెక్కకు కట్టిన బరువు దానిని తిరిగి అడ్డంగా నిలబెడుతుంది. అంటే "ఆగుము" అని అర్థం. తీగ తెగిన సిగ్నలు రైలును అనవసరంగా ఆపవచ్చును గాని, పొరపాటున పొమ్మని చెప్పదు.

విద్యుత్తు వచ్చిన తరువాత కూడా ఆలోచన మారలేదు. అమెరికాకు చెందిన విలియం రాబిన్‌సన్ 1872లో పేటెంటు పొందిన ట్రాక్ సర్క్యూట్‌లో, పట్టాల గుండా స్వల్ప విద్యుత్తు ప్రవహించి ఒక రిలేను పట్టి ఉంచుతుంది. రైలు వచ్చినపుడు దాని చక్రాలు, ఇరుసులు ఆ ప్రవాహాన్ని దారిలోనే మళ్ళిస్తవి, రిలే పట్టు వదులుతుంది, సిగ్నలు ఎరుపవుతుంది. బ్యాటరీ అడుగంటినా, తీగ ఊడినా జరిగేది అదే. విద్యుత్తు ఉంటేనే పచ్చ, లేకపోతే ఎరుపు.

బ్రేకుల కథ మరింత విషాదకరమైనది. జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో చేసిన తొలి గాలిబ్రేకులో, గాలి పంపితే బ్రేకు పడేది. గొట్టం తెగితే బ్రేకే లేదు. ఆయన 1872 నాటికి ఆ ఆలోచనను తలక్రిందులు చేశాడు. గొట్టంలో గాలి నిండి ఉన్నంతసేపూ బ్రేకు వదిలి ఉంటుంది. గాలి పోతే బ్రేకు పడుతుంది. కాని అందరూ దానిని వెంటనే స్వీకరించలేదు. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా వద్ద, ఎత్తు ఎక్కలేక ఆగిన విహారయాత్రా రైలును రెండుగా విడదీశారు. దానికి ఉన్నది తనంతట తానే పడే బ్రేకు కాదు. విడిపోయిన వెనుక పెట్టెలు పల్లానికి జారి, వెనుక వస్తున్న రైలును ఢీకొన్నవి. 80 మంది మరణించారు. వారిలో ఎందరో పిల్లలు. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణికుల రైళ్ళకు స్వయంచాలక బ్రేకును తప్పనిసరి చేసింది. నేడు మన రైలుపెట్టెలో ప్రమాదపు గొలుసు లాగినపుడు జరిగేది ఆ సూత్రమే: గొట్టంలోని గాలి బయటికి పోతుంది, బ్రేకు పడుతుంది.

వంటింటి సిగ్నళ్ళు

ఇక ఇంటిలోనికి వద్దాము. ప్రెషర్ కుక్కరు ఈ సూత్రాన్ని పాటించే సాధనాలలో మనకు అత్యంత పరిచయమైనది. మామూలుగా నీరు 100 డిగ్రీల వద్ద మరిగితే, కుక్కరు లోపలి ఒత్తిడి వల్ల సుమారు 120 డిగ్రీల వద్ద మరుగుతుంది. మించిన ఆవిరిని విజిలు వదిలివేస్తుంది. విజిలు గొట్టానికి మెతుకు అడ్డుపడితే? మూత మీది సేఫ్టీ వాల్వులోని మెత్తటి లోహం హెచ్చు వేడికి కరిగి దారి ఇస్తుంది. చాలా కుక్కర్లలో గాస్కెట్ రబ్బరు కూడా ఒకచోట బయటికి తోసుకొని ఆవిరిని వదులుతుంది. ఒక కాపలాదారు నిద్రపోతే మరొకడు మేలుకుంటాడన్నమాట. అందుచేత సేఫ్టీ వాల్వు పోయినపుడు చేతికందిన మరతో ఆ రంధ్రాన్ని మూయడం కన్న ప్రమాదం మరొకటి లేదు.

గీజరును కూడా ఇదే కంటితో చూడాలి. దానిలోని థర్మోస్టాటు నీరు కాగగానే విద్యుత్తును ఆపుతుంది. దుకాణంలో అందరూ చూపేది దానినే. కాని థర్మోస్టాటు కొసలు అతుక్కుపోతే నీరు కాగుతూనే ఉంటుంది. అపుడు విద్యుత్తును తెంచడానికి వేరొక కటౌటు ఉండాలి. అదీ విఫలమైతే ఒత్తిడిని వదలడానికి వాల్వు ఉండాలి. ఆ వాల్వు నుండి చుక్కలు పడుతున్నవని దానిని బిగించి మూసివేసేవారు తమ ఇంటి గోడకు బాయిలరును వేలాడదీసుకున్నట్టే.

1955లో జపానులో తోషిబా సంస్థ అమ్మకానికి పెట్టిన అన్నం కుక్కరుది మరింత సరళమైన తెలివి. గిన్నెలో నీరు ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీలను దాటదు. నీరంతా బియ్యంలోనికి ఇంకిన మరుక్షణం వేడి పెరుగుతుంది. ఆ పెరుగుదలయే స్విచ్చికి సంకేతం. నేటి సాధారణ కుక్కర్లలో ఒక ప్రత్యేక అయస్కాంతం ఆ వేడికి తన ఆకర్షణను కోల్పోయి మీటను వదిలివేస్తుంది. ట్రాక్ సర్క్యూట్‌లోని రిలే వలెనే, పట్టు వదలడమే దాని పని.

క్షేమం ఏ వైపున ఉన్నది?

అయితే ప్రతి సాధనానికీ ఆగిపోవడమే క్షేమం కాదు. పాతకాలపు ఫ్రిజ్ తలుపులు గొళ్ళెంతో బిగుసుకునేవి. లోపలి నుండి తెరుచుకునేవి కావు. ఆటలాడుతూ పారవేసిన ఫ్రిజ్‌లలో దాక్కున్న పిల్లలు ఊపిరాడక మరణించిన ఉదంతాలు అమెరికాలో పెరగగా, లోపలి నుండి తెరవగల తలుపు ఉండాలని 1956లో చట్టం చేశారు. నేడు మన ఫ్రిజ్ తలుపును పట్టి ఉంచే అయస్కాంతపు పట్టీ, లోపలి నుండి తోస్తే తెరుచుకుంటుంది.

అంకెలు నొక్కితే తెరుచుకునే తలుపు తాళాలు కొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బ్యాటరీ అయిపోతే, ఇంట్లో పొగ కమ్ముకుంటే, లోపలివారు చేతితో తీసుకొని బయటపడగలరా? గీజరుకు ఆగడం క్షేమం. తలుపుకు తెరుచుకోవడం క్షేమం.

కారుకు సంబంధించి కూడా ఈ తేడా ముఖ్యమైనది. తాళాలన్నీ ఒక్క మీటతో పడే ఏర్పాటు సౌకర్యమే. కాని ప్రమాదంలో విద్యుత్తు పోతే లోపలివారు బందీలు కాకూడదు. అందుకే 2019 జులై 1 నుండి మన దేశంలో తయారయ్యే కార్లలో ఆ తాళాలను చేతితో తీయగల వీలు తప్పనిసరి అయినది. గట్టిగా బ్రేకు వేసినపుడు చక్రాలు బిగుసుకొని జారకుండా చూసే ఏ.బి.ఎస్. ఏర్పాటు సంగతి వేరు. అది చెడితే కారు ఆగిపోదు, బ్రేకు పోదు. మిగిలేది పూర్వపు మామూలు బ్రేకు. కొత్త విద్య పోయినా పాత విద్య మిగలడం కూడా క్షేమంలో ఒక రకమే.

మౌనంగా చెడేవి

చెడినట్టు తెలియకపోవడం చెడిపోవడం కంటె అపాయకరం. బిలాస్‌పూర్ వేసవిలో ఇంటింటా ఉండే ఇనుప కూలరే ఇందుకు ఉదాహరణ. నీరు, విద్యుత్తు, లోహం: మూడూ ఒకేచోట. లోపలి తీగ పైపొర ఊడి రేకుకు తగిలితే, సరియైన ఎర్తు లేకపోతే, తడిచేత్తో ముట్టిన మనిషి గుండానే విద్యుత్తు భూమికి చేరుతుంది.

అప్పుడు ఫ్యూజు కాపాడుతుందని చాలామంది నమ్మకం. అది పొరపాటు. ఫ్యూజు, ఎం.సి.బి. తీగలను కాపాడేవి, అనేక ఆంపియర్లు ప్రవహిస్తే గాని అవి కదలవు. మనిషి గుండెను ఆపడానికి ఆంపియరులో పదవ వంతు చాలు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. అది బయటికి పోయిన విద్యుత్తును, తిరిగి వచ్చిన విద్యుత్తును సరిపోలుస్తూ ఉంటుంది. తిరిగి వచ్చినది తగ్గితే, ఆ తగ్గినది ఎవరి ఒంటి గుండానైనా పోతూ ఉండవచ్చునని అర్థం. ఇళ్ళకు వాడే రకం 30 మిల్లీఆంపియర్ల తేడాకే, రెప్పపాటులో విద్యుత్తును తెంచుతుంది.

కాని అది కూడా యంత్రమే. ఏళ్ళ తరబడి కదలక బిగుసుకుపోవచ్చును. అలా బిగుసుకున్న సంగతి పైకి తెలియదు. అందుకే దాని ముఖం మీద పరీక్ష మీట ఒకటి ఉంటుంది. తయారీదారులు చెప్పిన గడువుల ప్రకారం దానిని నొక్కి చూడాలి. దీపాలు ఆరితే సాధనం బ్రతికి ఉన్నట్టు. ఆరకపోతే వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. కారులో తాళంచెవి త్రిప్పగానే ఏ.బి.ఎస్., ఎయిర్‌బ్యాగు దీపాలు కొన్ని క్షణాలు వెలిగి ఆరడం కూడా ఇటువంటి పరీక్షయే. ఆరని దీపం ప్రమాద సూచన అని అందరికీ తెలుసు. అసలు వెలగని దీపం కూడా ప్రమాద సూచనయే అని కొందరికే తెలుసు.

చెప్పేవి, ఆపేవి

మరొక తేడాను కూడా గమనించాలి. కొన్ని సాధనాలు ప్రమాదాన్ని చెప్పి ఊరుకుంటవి. కొన్ని స్వయంగా ఆపుతవి. 2019 నాటి ఆ నిబంధనల ప్రకారమే కార్లలో వేగం 80 కిలోమీటర్లు దాటితే మ్రోగే గంట, సీటుబెల్టు గుర్తుచేసే గంట, వెనుకకు నడిపేటపుడు అడ్డును తెలిపే సెన్సారు వచ్చినవి. ఇవన్నీ చెప్పేవే. వినడం, ఆపడం మనిషి వంతు. వినడం ఇష్టంలేక గంట నోరు మూయించే ఉత్తుత్తి క్లిప్పులను కొన్నవారూ ఉన్నారు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అటువంటి క్లిప్పుల అమ్మకాన్ని తొలగించాలని ఐదు ఆన్‌లైన్ వ్యాపార సంస్థలను ఆదేశించవలసి వచ్చింది.

చెప్పడానికీ ఆపడానికీ మధ్య ఉన్న దూరం ఎంతటిదో బిలాస్‌పూర్ ఈమధ్యనే చూసింది. 2025 నవంబరు 4న ఊరికి సమీపంలో ఒక మెమూ ప్యాసింజరు ఆగి ఉన్న గూడ్సు రైలును వెనుక నుండి ఢీకొన్నది. పదిమందికి పైగా మరణించారు. ప్యాసింజరు ఎర్ర సిగ్నలును దాటిపోయినదని రైల్వే తొలి ప్రకటనలో తెలిపింది. ఎరుపు ఎంత నమ్మకంగా వెలిగినా, దానికి రైలును పట్టి ఆపే చేయి లేదు. మన దేశంలో రూపొందిన 'కవచ్' అనే ఏర్పాటు ఆ చేయిని అందించడానికే. డ్రైవరు బ్రేకు వేయకపోతే అది తానే వేస్తుంది. 2020లో దానిని జాతీయ భద్రతా వ్యవస్థగా స్వీకరించి, మార్గం తరువాత మార్గంగా అమర్చుతూ వస్తున్నారు.

కొనేముందు

కాబట్టి స్వయంచాలక సాధనాన్ని బేరం చేసేటపుడు, అది చేసే అద్భుతాలను అమ్మేవారు ఎలాగూ చెబుతారు. అడగవలసినవి నాలుగు ప్రశ్నలు. ఇది చెడితే ఏ వైపునకు ఒరుగుతుంది? చెడినట్టు నాకెలా తెలుస్తుంది? విద్యుత్తు లేనపుడు, ఫోను లేనపుడు చేతితో నడపగలనా? ఇది ప్రమాదాన్ని చెప్పేదా, ఆపేదా? వీటికి సమాధానం దొరకని వస్తువు ఎంత చవకైనా ఖరీదైనదే.

మనుమడి గీజరుకు ఆ పరీక్ష కష్టం కాదు. పెట్టెలోని కాగితం విప్పితే కటౌటు ఉన్నదో లేదో, వాల్వు ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. సెల్‌ఫోను ముచ్చట ఆ తరువాత. సాయంత్రం కాలనీ చివర పట్టాల మీద ఎర్రదీపం వెలుగుతుంది. రైలు ఉన్నందుకు వెలిగిందో, తీగ ఊడినందుకు వెలిగిందో చూసేవారికి తెలియదు. ఎందుకు వెలిగినా, దాని దగ్గర ఆగిన రైలుకు మాత్రం కీడు లేదు.