కంప్యూటర్ మింగిన అరగంట

జీతం పడిన రోజు సాయంత్రం లేబర్ క్యాంపులో రెండు రకాల ముఖాలు కనిపిస్తాయి. ఇంటికి డబ్బు పంపడానికి ఎక్స్ఛేంజికి బయల్దేరిన ముఖాలు కొన్ని. స్లిప్పు చేతిలో పట్టుకుని సూపర్‌వైజర్ కోసం ఎదురుచూసే ముఖాలు కొన్ని. దుబాయ్‌లో సైట్ సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్న మేము ఆ రెండో రకం వాళ్ళకి చాలా ఏళ్ళు ఒకటే జవాబు చెప్పాం. "కంప్యూటర్ తప్పు చెయ్యదు."

క్యూరింగ్ గ్యాంగులో జగిత్యాల వైపు పెద్దాయన ఒకరు ఉండేవారు. నెలనెలా అదే మాట అడిగేవారు. "సారూ, డ్యూటీ అయినంక దినాం అర్ధగంట నీళ్ళు కొడుతున్నం గదా. ఆ అర్ధగంట యాడికి వోతున్నది?" మేము టైమ్‌షీట్ చూపించి పంపేసేవాళ్ళం. ఆయన అడిగిందే నిజమని 2023లో తేలింది. ఎవరో ఫిర్యాదు చేస్తే తేలలేదు. పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెడుతుంటే బయటపడింది.

పాత డబ్బా కథ

మా హాజరు, ఓటీ, క్యాంపు రూములు, లీవులు అన్నీ ఒకే ప్రోగ్రామ్‌లో ఉండేవి. 2004లో ఎవరో విజువల్ బేసిక్ 6లో రాసిపెట్టారు. మైక్రోసాఫ్ట్ దాన్ని 1998లో విడుదల చేసింది. ఆ భాషలో ప్రోగ్రామ్‌లు రాసే పనిముట్లకి 2008 ఏప్రిల్‌లోనే సపోర్ట్ ఆపేసింది. కానీ అప్పట్లో రాసిన ప్రోగ్రామ్‌లు మాత్రం కొత్త విండోస్‌లో కూడా నడుస్తూనే ఉన్నాయి. చిక్కంతా అక్కడే. నడుస్తోంది కదా అని ఎవరూ ముట్టుకోలేదు.

లెక్కలన్నీ ఒక యాక్సెస్ ఫైల్లో ఉండేవి. ఆ రకం ఫైలు 2 జీబీ దాటకూడదు. రెండు మూడు కంప్యూటర్ల నుంచి తెరిచినప్పుడు మధ్యలో నెట్‌వర్క్ తెగితే ఫైలే పాడవుతుంది. అలా పాడైతే వారం రోజుల హాజరు మళ్ళీ కూర్చుని ఎక్కించిన సందర్భాలు మాకున్నాయి. రాసినాయన ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఏది ఎందుకు అలా పెట్టాడో కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. డ్రాయింగులు లేని పాత బిల్డింగులో గోడ పగలగొట్టమంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా!

2022 ఫిబ్రవరి 2 నుంచి యూఏఈలో కొత్త కార్మిక చట్టం అమల్లోకి వచ్చింది. వారపు సెలవు శుక్రవారమే ఉండాలన్న నియమం పోయింది, ఒప్పందంలో రాసుకున్న రోజు అయింది. ఓటీకి రాత్రి రేటు మొదలయ్యే టైమ్ 9 నుంచి 10కి మారింది. మా కంపెనీ సెలవు ఆదివారానికి మార్చింది. పాత ప్రోగ్రామ్ మాత్రం శుక్రవారాన్ని వదలనంది. అప్పటికిగాని యాజమాన్యం మార్పుకి ఒప్పుకోలేదు.

కొత్తది ఎలా కట్టారు?

కొత్త ప్రోగ్రామ్ ఫోన్లోని బ్రౌజర్లోనే తెరుచుకోవాలి. అంటే చివరికి అది జావాస్క్రిప్ట్ కావాలి. బ్రౌజర్లన్నిటికీ అర్థమయ్యే భాష అదే. కాకపోతే నేరుగా అందులో రాయకుండా టైప్‌స్క్రిప్ట్‌లో రాశారు. ఇది మైక్రోసాఫ్ట్ 2012లో తెచ్చింది. అంకె ఉండాల్సిన చోట పేరు పెడితే ముందే పట్టుకుంటుంది. ఆ చెకింగ్ అయ్యాక జావాస్క్రిప్ట్‌గా మారుతుంది. కాంక్రీట్ పోయకముందు షట్టరింగ్, స్టీలు చూసి సంతకం పెట్టినట్టన్నమాట. దానికి చట్రంగా గూగుల్ వాళ్ళ ఆంగ్యులర్ వాడారు.

ఈ పనికి వచ్చిన కుర్రాడిది గుంటూరు. మొదటి రోజే మాతో అన్నాడు. "అన్నా, పాత ప్రోగ్రామ్ ఏం చేస్తుందో కోడ్ చూసి నేను చెప్పగలను. ఎందుకు చేస్తుందో మీరే చెప్పాలి."

అన్నీ ఒకేసారి కూలగొట్టలేదు. ముందు రూముల లిస్టు, తర్వాత లీవులు, ఆ తర్వాత హాజరు, చివరికి జీతం లెక్క. జీతం దగ్గరకి వచ్చేసరికి రెండు నెలలు పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడిపించారు. రెండింటికీ తేడా వచ్చిన చోట కొత్త ప్రోగ్రామ్ ఎర్ర గీత పెట్టేది.

ఒక మనిషికి మూడు లెక్కలు

మొదటి నెల ముగిసింది. క్యూరింగ్ గ్యాంగు పేర్లన్నిటికీ ఎర్ర గీతలే. ఒక మనిషి 26 రోజులు రోజుకి అరగంట ఓటీ చేశాడు. పాతదాంట్లో ఓటీ సున్నా. కొత్తదాంట్లో 26 గంటలు. మా జేబు డైరీలో 13 గంటలు. ఒకే మనిషి, ఒకే పని, మూడు లెక్కలు!

కుర్రాడు రెండు రోజులు కూర్చుని విషయం పట్టుకున్నాడు. రెండు ప్రోగ్రామ్‌లూ ఏ రోజు ఓటీని ఆ రోజే నిండు గంటలకి సవరిస్తున్నాయి. విజువల్ బేసిక్ సరిగ్గా సగం వస్తే దగ్గరున్న సరిసంఖ్యకి పోతుంది. అర అయితే సున్నా. ఒకటిన్నర అయితే రెండు. దీన్ని బ్యాంకర్ల పద్ధతి అంటారట. రకరకాల అంకెలు వేలల్లో ఉంటే ఒకచోట తగ్గింది ఇంకోచోట పెరిగి సమానమవుతుందని ఆ ఏర్పాటు. జావాస్క్రిప్ట్‌లో మామూలుగా వాడే పద్ధతి అలా కాదు, సగం వస్తే పైకే పోతుంది. అర అయితే ఒకటి.

రోజూ అదే అరగంట చేసేవాడికి ఏదీ సమానం కాదు. రోజూ సున్నానే. బేసిక్ 800 దిర్హమ్‌లు అనుకోండి. నెలకి 240 గంటల లెక్కన గంటకి 3.33 దిర్హమ్‌లు. ఓటీకి పాతిక శాతం కలిపితే 4.17. పదమూడు గంటలకి 54 దిర్హమ్‌లు. ఏడాదికి 650. ఇంట్లో పిల్లల ఫీజుకి ఆ డబ్బు ఎంత ఆసరానో చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి ఎర్ర గీత కూడా పట్టలేదు. స్టీల్ ఫిక్సర్లు రోజూ గంటన్నర చేస్తారు. 26 రోజులకి 39 గంటలు రావాలి. పాతదాంట్లో 52, కొత్తదాంట్లోనూ 52. రెండూ ఒకటే కాబట్టి తేడా కనపడలేదు. మా డైరీలు ముందు పెట్టాకే అదీ బయటపడింది. రెండు కంప్యూటర్లు ఒకే మాట చెప్పినంత మాత్రాన అది నిజమైపోదని మాకు అప్పుడు తెలిసింది.

ఎవరి లెక్క ఖాయం?

అకౌంట్స్ వాళ్ళు "పాతదాని లెక్కే పెట్టండి" అన్నారు. కుర్రాడి మాట కూడా తీసెయ్యలేం. పాతదాన్ని మార్చేటప్పుడు ముందు ఉన్నదున్నట్టు తేవాలి, సరిదిద్దడం తర్వాత విడిగా చెయ్యాలి, లేకపోతే ఏది తప్పో ఏది బాగుచేతో తెలియదు అన్నాడు. పద్ధతిగా చూస్తే అదే సరి. కానీ ఆ 'ఉన్నదున్నట్టు'లో మనుషుల అరగంటలు పోతున్నాయే!

మేము నలుగురు సూపర్‌వైజర్లం ఆరు నెలల డైరీలు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాం. మా సంతకాలతో పంపిన చేతి లెక్క ఇదీ, మీ ప్రోగ్రామ్ ఇచ్చిన లెక్క ఇదీ అని చూపించాం. మా తప్పు కూడా ఒప్పుకున్నాం. అడిగిన వాళ్ళని నమ్మకుండా మిషన్‌ని నమ్మింది మేమే.

మూడు మీటింగుల తర్వాత తేలింది. సవరింపులు ఉండవు, నిమిషాల్లో లెక్క. అరగంట అంటే 30. నెలాఖరున నిమిషాలు కూడి డబ్బు కట్టాలి. దీనివల్ల ఇంకో లాభం ఉందని కుర్రాడు చెప్పాడు. జావాస్క్రిప్ట్‌లో 0.1, 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, చివర చిన్న తోక మిగులుతుంది. నిండు నిమిషాలైతే ఆ బెడద లేదు.

క్యూరింగ్ గ్యాంగుకి ఆరు నెలల బాకీ ఇచ్చారు. డైరీలు దొరికింది అంతవరకే. ఫిక్సర్లకి నెలకి 13 గంటలు తగ్గాయి. ఇచ్చింది వెనక్కి అడగలేదు గానీ వాళ్ళు మా మీద కోపం పెట్టుకున్నారు. కొన్నాళ్ళు మెస్‌లో మాతో మాట్లాడలేదు. వాళ్ళ బాధా బాధే.

రాత్రి పోతల్లో ఇంకో బొక్క

ఎండాకాలం స్లాబులు రాత్రిపూట పోస్తాం. రెండో నెలలో అలాంటి ఒక పోత జూలై 1 తెల్లవారుజామున 2 గంటలకి ముగిసింది. కొత్త ప్రోగ్రామ్ దాన్ని జూన్ 30లో వేసింది. కారణం, అది తేదీని అంతర్జాతీయ సమయంలో రాసుకుంటోంది. దుబాయ్ దానికంటే నాలుగు గంటలు ముందుంటుంది. ఇక్కడ రాత్రి 2 అంటే దాని లెక్కలో ముందురోజు రాత్రి 10. జూన్ షీటు అప్పటికే మూసేశారు. ఆ గంటలు ఏ నెలలోనూ లేకుండా పోయేవి. పక్కపక్కనే నడిపించారు కాబట్టి దొరికింది, సరిచేశారు.

పెద్దాయన అంతకుముందు ఏడాదే క్యాన్సిల్ చేసుకుని ఊరికి వెళ్ళిపోయారు. ఆయనకి బాకీ రాలేదు. ఫోన్ చేసి విషయం చెప్పాం. కాసేపు ఏమీ అనలేదు. "పైసల్ రాకుంటే మాయె సారూ. అబద్ధమాడుతున్ననని అనుకున్నరు గదా మీరు" అన్నారు. మా దగ్గర జవాబు లేదు.

మీ కంపెనీలో మారుస్తుంటే...

గల్ఫ్‌లో చాలా కంపెనీలు ఇలాంటి పాత ప్రోగ్రామ్‌లు మారుస్తున్నాయి. మీ దగ్గర హాజరు ఫోన్లోకి మారితే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

డ్యూటీ ఎక్కిన టైమ్, దిగిన టైమ్ రోజూ చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. మారిన మొదటి రెండు నెలల స్లిప్పులు పాత స్లిప్పులతో పోల్చుకోండి, పారెయ్యకండి. ఒకటో తారీఖు రాత్రి చేసిన పని ఏ నెలలో పడిందో చూసుకోండి. యూఏఈ చట్టం ప్రకారం ఓటీకి బేసిక్ మీద పాతిక శాతం, రాత్రి 10 నుంచి ఉదయం 4 మధ్య చేస్తే యాభై శాతం అదనంగా రావాలి. షిఫ్టుల పద్ధతిలో చేసేవాళ్ళకి ఈ రాత్రి రేటు వర్తించదు.

తేడా వస్తే ముందు మీ సూపర్‌వైజర్‌ని అడగండి. ఆయన వినకపోతే కార్మిక శాఖ యాప్‌లో ఫిర్యాదు పెట్టే వీలుంది. సూపర్‌వైజర్లుగా ఉన్న మన తెలుగువాళ్ళకి ఒక్క మాట. మనిషి లెక్క అడిగితే స్క్రీన్ చూపించకండి. మీ డైరీ తెరవండి.