అడిగింది పెట్టెలు... దొరికింది బుట్టలు!

ఆటలంటే ప్రాణం, కానీ జట్టులో చోటు దొరకలేదు. టెక్నాలజీ చదివాం, కానీ దాన్ని ఎక్కడ వాడాలో తెలియడం లేదు. ఇలా అనుకునేవారు ప్రతి కాలేజీలో కనిపిస్తారు. ఈ రెండూ కలిసేచోట ఇప్పుడు ఉద్యోగాలున్నాయి. వాటికి కావాల్సిన అసలు నైపుణ్యం ఏమిటో తెలియాలంటే 1891లో ఓ క్రైస్తవ శిక్షణ పాఠశాల జిమ్‌లో జరిగిన సంగతి తెలుసుకోవాలి.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణం. అక్కడ వైఎంసీఏ నడిపే అంతర్జాతీయ శిక్షణ పాఠశాల ఉంది. ఇప్పుడు దాని పేరు స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీ. శరీరం, మనసు, ఆత్మ... మూడూ కలిసి ఎదగాలన్నది ఆ సంస్థ నమ్మకం. వైఎంసీఏ గుర్తులో కనిపించే త్రిభుజం ఆ ఆలోచన నుంచి వచ్చిందే. ఆ ఆలోచన చేసిన లూథర్ గులిక్ అక్కడ వ్యాయామ విద్యా విభాగానికి అధిపతి.

1891 డిసెంబరులో ఆయనకు ఓ తలనొప్పి వచ్చిపడింది. బయట మంచు. ఫుట్‌బాల్ లేదు, బేస్‌బాల్ లేదు. జిమ్‌లో చేయించే డ్రిల్లు, కసరత్తులంటే విద్యార్థులకు విసుగు. 18 మంది ఉన్న ఒక తరగతైతే మరీ మొండిఘటం. వాళ్లని దారిలో పెట్టలేక అప్పటికే ఇద్దరు బోధకులు చేతులెత్తేశారు. గులిక్ ఆ తరగతిని 30 ఏళ్ల జేమ్స్ నైస్మిత్‌కు అప్పగించారు. నాలుగు గోడల మధ్య, దీపాల వెలుతురులో ఆడుకునే కొత్త ఆట కావాలి. గడువు 14 రోజులు!

కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి ఇలాంటి పని పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

చదువు మానేసి... మళ్లీ మొదలెట్టి!

నైస్మిత్ కెనడాలోని ఓ పల్లె ప్రాంతం నుంచి వచ్చినవారు. తొమ్మిదేళ్ల వయసుకే తల్లిదండ్రులిద్దరూ పోయారు. హైస్కూలు మధ్యలో మానేసి కొన్నేళ్లు అడవిలో కలప కొట్టే పనికి వెళ్లారు. తర్వాత తిరిగి బడికి వచ్చి, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, ఆపై క్రైస్తవ మతశాస్త్రం చదివారు. ఆటలంటే పిచ్చి. మత బోధకుడు కావాల్సినవాడు మైదానంలో పడి దొర్లుతున్నాడని తోటి విద్యార్థులు ఆయన కోసం ప్రార్థనలు కూడా చేశారట! మనుషుల్ని మంచి దారిలో పెట్టడానికి ప్రసంగమే కాదు, ఆట కూడా పనికొస్తుందని ఆయన గట్టిగా నమ్మారు. అందుకే స్ప్రింగ్‌ఫీల్డ్ చేరారు.

‘ఎందుకు?’ అని అడుగుతూ వెళ్లారు

మొదటి రోజుల్లో నైస్మిత్ అందరూ చేసేదే చేశారు. ఉన్న ఆటల్నే లోపలికి తెచ్చారు. అమెరికన్ ఫుట్‌బాల్, సాకర్, లక్రాస్... ఒక్కటీ కుదరలేదు. ఇరుకు జిమ్‌లో దెబ్బలు తగలడం తప్ప ఫలితం లేదు. గడువు కరిగిపోతోంది.

అప్పుడు ఆయన ఆటల్ని పక్కనపెట్టి సమస్యను విడగొట్టడం మొదలుపెట్టారు. దెబ్బలు ఎందుకు తగులుతున్నాయి? ఒకరినొకరు పట్టి పడేయడం వల్ల. ఎందుకు పడేస్తున్నారు? బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ని ఆపడానికి. అయితే బంతితో పరుగెత్తకూడదంటే సరి! అందుకున్నచోటి నుంచే మరొకరికి అందించాలి.

ఇంకో చిక్కు మిగిలింది. గోల్ నేల మీద నిలువుగా ఉంటే బంతిని బలంగా కొడతారు. మళ్లీ దెబ్బలే. చిన్నప్పుడు ఊళ్లో ఆడిన ఓ ఆట ఆయనకు గుర్తొచ్చింది. పెద్ద బండ మీద చిన్న రాయి పెట్టి, దూరం నుంచి రాళ్లు విసిరి దాన్ని పడగొట్టాలి. అందులో విసురుగా కొట్టినవాడికంటే మెల్లగా, ఎత్తుగా విసిరినవాడికే లాభం. అంటే గోల్‌ను తలల కంటే పైన, ఆకాశం వైపు నోరు తెరిచి ఉండేలా పెడితే? బలం కాదు, గురి పనిచేస్తుంది!

మర్నాడు భవనం బాగోగులు చూసే ఉద్యోగి దగ్గరికెళ్లి రెండు పెట్టెలు కావాలన్నారు. పెట్టెలైతే లేవు, పీచ్ పండ్ల బుట్టలు రెండున్నాయి, పనికొస్తాయా అన్నాడాయన. నైస్మిత్ వాటినే తీసుకెళ్లి జిమ్‌కు రెండు చివర్లా బాల్కనీ అంచుకు బిగించారు. ఆ అంచు నేల నుంచి 10 అడుగుల ఎత్తులో ఉంది. ఈ రోజుకీ ప్రపంచమంతటా బాస్కెట్‌బాల్ రింగు ఎత్తు 10 అడుగులే!

13 నియమాలు టైపు చేయించి నోటీసు బోర్డుకు అంటించారు. సాకర్ బంతితో జట్టుకు తొమ్మిది మంది చొప్పున ఆడారు. ఆ మొదటి ఆటలో పడింది ఒక్కటే గోల్. స్కోరు 1-0. కానీ మొండి తరగతి ఆట ఆపనంది. క్రిస్మస్ సెలవులకు ఇళ్లకు వెళ్లినవాళ్లు తమ ఊళ్లలోని వైఎంసీఏలకు ఆటను మోసుకెళ్లారు.

చిన్న మార్పులే పెద్ద టెక్నాలజీ

టెక్నాలజీ అనగానే మనకు ఏఐ, సెన్సర్లు గుర్తొస్తాయి. కానీ పనిలో ఎదురైన ఇబ్బందిని తీర్చే ఏ సాధనమైనా టెక్నాలజీయే. బాస్కెట్‌బాల్ తొలినాళ్లు దీనికి మంచి ఉదాహరణ.

బుట్టకు అడుగుంది. గోల్ పడిన ప్రతిసారీ నిచ్చెనెక్కి బంతి తీయాలి. తర్వాత తాడు లాగితే బంతి కింద పడే ఏర్పాటు వచ్చింది. అడుగు పూర్తిగా తెరిచిన వల వాడుకలోకి రావడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది! బాల్కనీలోని ప్రేక్షకులు చేతులు చాచి బంతిని అటూఇటూ నెట్టేస్తుంటే, వాళ్లను అడ్డుకోవడానికి బుట్ట వెనక తెర కట్టారు. అదే ఇప్పటి బ్యాక్‌బోర్డు. ప్రేక్షకుల బెడద తీర్చడానికి పెట్టిన బోర్డు, చివరికి షాట్ కొట్టే పద్ధతినే మార్చేసింది.

ఆట పాఠశాల దాటి ప్రొఫెషనల్ లీగ్‌లకు వెళ్లాక సమస్యలూ మారాయి. 1950 నవంబరులో జరిగిన ఓ ఎన్‌బీఏ మ్యాచ్ 19-18 స్కోరుతో ముగిసింది. ఆధిక్యం రాగానే బంతిని తమ దగ్గరే ఉంచుకుని కాలయాపన చేయడం అప్పట్లో మామూలే. చూసేవాళ్లకు విసుగు. సిరక్యూస్ జట్టు యజమాని డ్యానీ బియాసోన్ చిన్న లెక్క వేశారు. జనానికి నచ్చిన మ్యాచ్‌ల్లో రెండు జట్లూ కలిపి సుమారు 120 షాట్లు కొడుతున్నాయి. మ్యాచ్ 48 నిమిషాలు, అంటే 2,880 సెకన్లు. దాన్ని 120తో భాగిస్తే 24. అంతే, 24 సెకన్లలోపు షాట్ కొట్టాలనే నియమం 1954-55 సీజన్ నుంచి అమల్లోకి వచ్చింది. జట్టు సగటు స్కోరు 79 నుంచి 93కు పెరిగింది. ఇప్పుడు ‘స్పోర్ట్స్ అనలిటిక్స్’ అని పెద్ద పేరుతో పిలుస్తున్నది సారాంశంలో ఇదే. 2013-14 నాటికి ఎన్‌బీఏ స్టేడియాలన్నింటిలోనూ ఆటగాళ్ల కదలికల్ని సెకనుకు 25 సార్లు నమోదు చేసే కెమెరాలు వచ్చేశాయి. సాధనం మారింది. ‘ఇక్కడ ఇబ్బంది ఏమిటి?’ అన్న ప్రశ్న మారలేదు.

స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి మద్రాసుకు

ఈ పాఠశాలకూ మనకూ సంబంధం ఉంది. అక్కడ చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను ప్రారంభించారు. మొదటి బ్యాచ్‌లో ఐదుగురే విద్యార్థులు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు మేనేజర్ ఆయనే. అప్పట్లో మన కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ‘డ్రిల్లు మాస్టారు’ ఉద్యోగానికి శిక్షణ, డిగ్రీ అవసరమన్న ఆలోచన దక్షిణాదిలో నాటుకోవడంలో ఆ కళాశాలది పెద్ద పాత్ర.

ఇప్పుడు ఉద్యోగాలేంటి?

పెర్ఫార్మెన్స్ అనలిస్ట్: మ్యాచ్ వీడియో చూసి, ప్రతి పాస్, రెయిడ్, సర్వీస్‌ను గుర్తించి, కోచ్‌కు పనికొచ్చే ముక్కలుగా అందించాలి. ఆట లోతుగా తెలియాలి. ఎక్సెల్ మీద పట్టుండాలి. పైథాన్ వస్తే ఇంకా మేలు.

స్పోర్ట్స్ సైన్స్, బయోమెకానిక్స్: జీపీఎస్ జాకెట్లు, హార్ట్ రేట్ సెన్సర్లు, హైస్పీడ్ కెమెరాల సమాచారంతో శ్రమను, గాయాల ముప్పును అంచనా వేస్తారు. ఫిజియోథెరపీ, వ్యాయామ విద్య, బయోమెడికల్ చదివినవారికి అనుకూలం.

ప్రసారాలు, అంపైరింగ్ సాంకేతికత: బాల్ ట్రాకింగ్, రీప్లే, గ్రాఫిక్స్ విభాగాల్లో ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ విద్యార్థులకు పని ఉంటుంది.

వ్యాయామ ఉపాధ్యాయులు, కోచ్‌లు: ఇంటర్ తర్వాత డీపీఈడీ, డిగ్రీ తర్వాత బీపీఈడీ చేయొచ్చు. మన రెండు రాష్ట్రాల్లో ప్రవేశాలకు పీఈసెట్ ఉంది. కోచింగ్ వైపు వెళ్లాలంటే పటియాలాలోని ఎన్ఐఎస్ డిప్లొమాకు మంచి పేరుంది. గ్వాలియర్‌లోని ఎల్ఎన్ఐపీఈ, మణిపుర్‌లోని జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం కోర్సుల్నీ పరిశీలించండి. ఐఐటీ మద్రాస్‌లో స్పోర్ట్స్ సైన్స్, అనలిటిక్స్‌కు ప్రత్యేక కేంద్రమే ఉంది.

ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లా వందల మందిని ఒకేసారి తీసుకునే రంగం కాదిది. లీగ్ జట్ల ఉద్యోగాలు చాలావరకు సీజన్ వరకే ఉంటాయి. అందుకే చేతిలో ఓ డిగ్రీ, పక్కన ఈ నైపుణ్యం ఉంచుకోవడం తెలివైన పని. ఒక ఆటలో సీజన్ ముగిస్తే మరో ఆటకు మారగలగాలి.

మీకూ 14 రోజులు!

సర్టిఫికెట్ల కంటే మీరు చేసిన పని చూపించడం ఇక్కడ ముఖ్యం. దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఇలా ప్రయత్నించండి.

1, 2 రోజులు: కాలేజీ కబడ్డీ లేదా వాలీబాల్ జట్టు కోచ్‌ను కలవండి. ‘సార్, మన జట్టులో మీకు అర్థం కాని విషయం ఒకటి చెప్పండి’ అని అడగండి. ఒక్కటే ప్రశ్న ఎంచుకోండి. ఉదాహరణకు, మన రెయిడర్లు ఏ వైపు వెళ్లినప్పుడు ఎక్కువగా దొరికిపోతున్నారు?

3 నుంచి 6 రోజులు: ఆటగాళ్ల అనుమతితో ప్రాక్టీసు మ్యాచ్‌లు ఫోన్లో తీయండి. స్టాండుకు బిగించి, కోర్టు మొత్తం కనిపించేలా కాస్త ఎత్తు నుంచి తీస్తే చాలు.

7 నుంచి 10 రోజులు: ఒక్కో రెయిడ్‌కు ఒక్కో వరుస చొప్పున ఎక్సెల్‌లో రాయండి. సమయం, వైపు, ఎదురున్న డిఫెండర్లు, ఫలితం. శరీర కదలికలు చూడాలంటే కినోవియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

11, 12 రోజులు: తేలిన విషయాన్ని ఒకే పేజీలో, రెండు బొమ్మలతో చెప్పండి. తక్కువ మ్యాచ్‌లే చూశాం కాబట్టి ఎంతవరకు నమ్మొచ్చో కూడా రాయండి.

13, 14 రోజులు: కోచ్‌కు చూపించండి. ‘ఇది నాకు తెలిసిందేగా’ అంటే నిరాశపడొద్దు. ‘మరి తెలియనిది ఏది సార్?’ అని అడగండి. అసలు ప్రాజెక్టు అక్కడే మొదలవుతుంది.

ఇంటర్వ్యూలో ‘నాకు పైథాన్ వచ్చు’ అనేవాళ్లు చాలామంది. ‘మా కోచ్ గారికి ఈ ఇబ్బంది ఉంది, నేను ఇలా చూశాను, ఇది తేలింది’ అని చెప్పగలిగేవాళ్లు కొద్దిమందే.

ఓడిపోయిన కోచ్!

నైస్మిత్ ఆ తర్వాత వైద్య పట్టా పొందారు. 1898లో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో చేరి జట్టుకు కోచ్‌గానూ పనిచేశారు. ఆయన రికార్డు 55 విజయాలు, 60 ఓటములు. ఆ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ చరిత్రలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయనొక్కరే. అంటే ఆటను కనిపెట్టినవారే ఆ ఆట గెలిపించడంలో దిట్ట కాదు! ఆటలో గొప్పగా రాణించకపోయినా ఆటకు గొప్పగా ఉపయోగపడొచ్చు అనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో తన ఆట పతక క్రీడగా అడుగుపెట్టడం ఆయన కళ్లారా చూశారు. 1939లో కన్నుమూశారు. ఈ ఆటతో ఆయన డబ్బు చేసుకోలేదు. ఆయన టైపు చేయించిన ఆ 13 నియమాల కాగితాలు మాత్రం 2010లో వేలంలో 43 లక్షల డాలర్లకు పైగా పలికాయి.

కావాల్సిన పెట్టెలు దొరికేదాకా ఆగుదామని నైస్మిత్ ఆ రోజు అనుకుని ఉంటే గడువు దాటిపోయేది. సరైన ల్యాప్‌టాప్, సరైన కోర్సు, సరైన అవకాశం కోసం ఎదురుచూస్తున్నారా? ముందు మీ చేతిలో ఉన్న బుట్టలేంటో చూసుకోండి.