ఉక్కు ఒంట్లోకి బోరాన్

నగ అతికేటప్పుడు కంసాలి టాంకా మీద కాస్త వెలిగారం వేస్తాడు. మంటకు అది పొంగి, కరిగి, గాజులా పరుచుకుంటుంది. లోహానికి గాలి తగలనివ్వదు, అప్పటికే పట్టిన ఆక్సైడ్ మైలను తనలో కరిగించుకుంటుంది. వెలిగారంలో ఉన్న బోరాన్‌ను ఇనుము లోపలికే ఎక్కించి గట్టిపరచవచ్చన్న మాట 1895 నాటిది. ఆ మాట అన్నవాడు ఫ్రెంచ్ రసాయనవేత్త హెన్రీ మొయిసాన్ అని ఈ రంగం చరిత్రకారులు రాస్తారు. ఫ్లోరిన్‌ను విడదీసినందుకూ, విద్యుత్ కొలిమికీ 1906లో నోబెల్ అందుకున్న మనిషి ఆయన. ఆ రెండింటి పక్కన ఇది చిన్న సంగతి. చాలా కాలం మూలనే పడి ఉంది.

దాన్ని పనిలో పెట్టింది సోవియట్ చమురు పరిశ్రమ. బావులు తవ్వేటప్పుడు ఇసుక కలిసిన బురదను నెట్టే పంపుల లైనర్లు ఊరికే అరిగిపోయేవి. వాటిని కరిగిన వెలిగారంలో ముంచి, కరెంటు పంపి, బోరాన్ ఎక్కించారు. తర్వాత జర్మనీలో పొడి పద్ధతి కుదురుకుంది. బోరాన్ కార్బైడ్, సిలికాన్ కార్బైడ్, పొటాషియం ఫ్లోరోబొరేట్ కలిపిన పొడిని పెట్టెలో ఉక్కు చుట్టూ కూరి, 850 నుంచి 950 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు. మామూలు కార్బన్ ఉక్కులో ఇనుము, బోరాన్ కలిసిన బోరైడ్ పొర రంపపు పళ్లలా లోపలికి దిగుతుంది. అందుకే అంత తేలిగ్గా ఊడిరాదు. దాని కాఠిన్యం వికర్స్ కొలతలో 1800 దాటుతుంది. గట్టిపరచిన టూల్ స్టీలు కూడా సాధారణంగా అందులో సగానికి చేరదు.

అరుగుదల సంగతి అది. వేడి సంగతి వేరు. గాలిలో 570 డిగ్రీలు దాటి కాలిన ఇనుము మీద వుస్టైట్ అనే ఆక్సైడ్ పుడుతుంది. దాని స్ఫటికంలో ఇనుప అయాన్లు ఉండాల్సిన చోట్లు ఎన్నో ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీల గుండా లోపలి ఇనుము పైకి నడిచివచ్చి ఆక్సిజన్‌తో కలుస్తూనే ఉంటుంది. 1000 డిగ్రీల దగ్గర పొలుసులో దాదాపు 95 శాతం వుస్టైటే.

బోరైడ్ పొర ఉంటే ఆక్సిజన్ ముందు దాన్ని పట్టుకుంటుంది. అప్పుడు పుట్టే బోరాన్ ఆక్సైడ్ 450 డిగ్రీలకే కరిగి చిక్కటి గాజుద్రవంగా పగుళ్లను పూడుస్తుంది. కంసాలి చేతిలో జరిగిన పనే ఇదీ. చిక్కు కూడా అక్కడే ఉంది. ఆక్సైడ్‌ను కరిగించుకునే గుణం దానికి ఇక్కడా పోదు. వేడి పెరిగేకొద్దీ పల్చబడుతుంది. నీటి ఆవిరి తగిలితే మెటాబోరిక్ ఆమ్లపు ఆవిరిగా లేచిపోతుంది. ఇంధనం మండే ఏ కొలిమిలోనైనా నీటి ఆవిరి ఉండనే ఉంటుంది. అందుకే బోరాన్ పూత ఎంత వేడినైనా ఆపుతుందన్న మాటలు నాకు అతిగా తోస్తాయి. 850 డిగ్రీల లోపు ఓ మోస్తరు రక్షణ అనడమే న్యాయం.

ఇంకో పేచీ వ్యాకోచంతో. పైన బోరాన్ ఎక్కువున్న ఎఫ్ఈబీ, కింద ఎఫ్ఈ2బీ అని రెండు బోరైడ్ పొరలు ఏర్పడితే, వేడికి పైది కిందిదానికి దాదాపు మూడింతలు సాగుతుంది. కాచి చల్లార్చేసరికి రెండింటి మధ్య చీలుతుంది. పనివాళ్లు కోరేది ఎఫ్ఈ2బీ ఒక్కటే.

అమెరికాలోని ఆర్గోన్ జాతీయ ప్రయోగశాల, ఇస్తాంబుల్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత వెలిగారం తొట్టినే మళ్లీ పట్టుకున్నారు. ప్రపంచంలో అతిపెద్ద బోరాన్ నిల్వలు టర్కీవే కాబట్టి ఇస్తాంబుల్ వాళ్ల ఆసక్తి సహజం. పొడి పద్ధతిలో గంటలు పట్టే మందం ఇక్కడ అరగంటలో వస్తుంది. తర్వాత కరెంటు ఆపి ముక్కను కాసేపు తొట్టిలోనే ఉంచితే, పైనున్న ఎఫ్ఈబీలోని బోరాన్ లోపలికి ఇంకి ఎఫ్ఈ2బీ మిగులుతుంది. 850 డిగ్రీలకు మించిన వేడి తట్టుకోవాలంటే బోరాన్‌తోపాటు అల్యూమినియం కూడా ఎక్కిస్తారు. అల్యూమినియం ఆక్సైడ్ ఆ వేడికి కరగదు, నీటి ఆవిరికి అలా లేచిపోదు.