అన్నము పొడిపొడిగా నుండుటకును ముద్దయగుటకును కారణమేమి?

నీరొక్కటే, మంట యొక్కటే. అయినను ఒకరి బియ్యము పొడిపొడిగా విచ్చును, మరియొకరిది ముద్దయగును. బేరములో ధర తగ్గుటకు ఇది యొక హేతువగుచున్నందున, దీని కారణమును సభ్యులకు తెలుపగోరుచున్నాము.

బియ్యపు గింజలో అధికభాగము పిండిపదార్థము. గ్లూకోసు అను చక్కెర అణువులు వేలకొలది గొలుసుగా కూడుటవలన ఇది యేర్పడును. ఇట్టి దీర్ఘమైన గొలుసు అణువులు గలవని జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టాడింగరు 1920లో ప్రతిపాదించెను. 1953లో నోబెలు బహుమతి నందెను.

ఈ గొలుసులు రెండు తెఱగులు. అమైలోసు ఇంచుమించు తాటిచెట్టువలె కొమ్మలు లేనిది. అమైలోపెక్టిను మఱ్ఱివలె కొమ్మలును, కొమ్మలకు రెమ్మలును గలది. అందు సగటున 20 నుండి 25 గ్లూకోసులకొక కొమ్మ చీలును. గింజ పాలుపోసుకొను దినములలో ఒక ఎంజైము గొలుసును పొడిగించుచుండగా, వేఱొకటి దానిని తునిమి, ఆ తునుకను ప్రక్కకొమ్మగా అంటుగట్టును.

తిన్నని గొలుసులు చల్లారినపుడు ఒకదానితో నొకటి ఒత్తుగా పేరుకొనును. కావున పిండిలో అమైలోసు నూటికి 25 పాళ్లు మించిన అన్నము విడివిడిగా నుండి, చల్లారిన గట్టిపడును. 20 మొదలు 25 వరకు నున్నది మెత్తగా నుండియు విడివడును. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి ఈ వర్గములోనిది. పాళ్లు తగ్గినకొలది అన్నము అంటుకొనును. లావోసు దేశమువారు నిత్యము భుజించు బంకబియ్యములో అమైలోసు దాదాపు లేదు. కోసిన గింజపై అయోడిను చుక్క వేసిన మన బియ్యము నల్లని నీలవర్ణమును, బంకబియ్యము ఎఱ్ఱని గోధుమవర్ణమును దాల్చును.

ఈ పాళ్లు ముఖ్యముగా విత్తనమును బట్టి యుండును. కావున వేర్వేరు రకముల ధాన్యమును ఒకే రాశిలో కలుపరాదు. కలిపినచో ఒకటి ఉడుకులోపల మరియొకటి ముద్దయగును.

క్రొత్తబియ్యము ముద్దయగుట వేఱు సంగతి. నిలువలో అమైలోసు అంతగా మాఱదు. మాంసకృత్తులును కొవ్వులును మార్పుచెంది గింజ బిగియును. అట్టి బియ్యము ఎక్కువ నీరు పీల్చి పొడిగా విచ్చును. ఈ మార్పులో పెద్దభాగము మొదటి మూడు నాలుగు మాసములలోనే జరుగును.

అప్పుల ఒత్తిడిచే కళ్లములోనే అమ్ముకొను రైతునకు ఈ నిలువ లాభము దక్కదు. అది కొన్న వర్తకునిదగును. కావున తేమ 14 పాళ్లకు మించకుండ ఎండబెట్టి, రకమువారీగా గిడ్డంగిలో నుంచి, రసీదుపై అప్పు దొరకుచోట దానిని పొంది, ధాన్యమును కొన్నిమాసములు నిలుపుకొనుడని సభ్యులను కోరుచున్నాము.