గంట కొట్టారు... ఫ్యాను కట్టారా?

కొత్త పుస్తకాలు, కొత్త యూనిఫాం, కొత్త టీచరు... బడులు తెరిచే వేళ అన్నీ కొత్తవే. వాటితోపాటు ఓ పాత అలవాటును కూడా పిల్లల సంచీలో పెట్టి పంపాలి. అదే... గది దాటేముందు స్విచ్చి కట్టేయడం! జంటనగరాల్లోని క్యాథలిక్ బడుల కట్టుబాట్లలో ఆ పాఠం ఎప్పట్నుంచో ఉంది. మనమే మళ్లీ తెరిచి చదువుకోవాలి.

జూన్ 12. తెలంగాణలో వేసవి సెలవులకు తెరపడే రోజు. ఆ వేళప్పుడు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర నిలబడితే చాలు, నగరం మళ్లీ బడికి బయల్దేరిందని తెలిసిపోతుంది. పసుపురంగు బస్సులు, వెనకసీట్లో కునికిపాట్లు పడే పిల్లలతో కార్లు, సంచులు బయటికి వేలాడే ఆటోలు. కొందరు దగ్గర్లోని బడికి. ఇంకొందరు అమ్మ చదివిందనో, తాతయ్య చదివారనో నగరం ఆ చివరనున్న కాన్వెంటుకి.

బడి మొదలైన తొలివారం చాలా ముఖ్యమైంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, క్లాస్ లీడరు ఎవరు, నీళ్లసీసా ఎక్కడ పెట్టాలి... ఏడాది పొడవునా సాగే అలవాట్లన్నీ అప్పుడే కుదురుకుంటాయి. స్విచ్చి అలవాటూ అంతే.

వెలుగు విలువ తెలిసిన కొండలు

నిజానికి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లకు వెలుగు ఖరీదు గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. 1970ల్లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ కట్టేనాటికి ఈ చుట్టుపక్కల ఉన్నవన్నీ బండలూ పొదలే. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. వాటి చుట్టూ తెలుగు సినిమా ఇల్లు కట్టుకుంది.

సెట్లో 10 కిలోవాట్ల పెద్దలైటు ఒక్క గంట వెలిగితే 10 యూనిట్లు ఖర్చు. అదే కరెంటుతో ఈ రోజుల్లో వస్తున్న 30 వాట్ల ఫ్యాను 300 గంటలకు పైగా తిరుగుతుంది! అందుకే షాట్ ఓకే అవగానే ‘లైట్స్ ఆఫ్’ అన్న కేక వినిపిస్తుంది. వేడి తగ్గుతుంది, జనరేటరు వ్యానుకి డీజిలు మిగులుతుంది, బల్బు నాలుగురోజులు ఎక్కువ బతుకుతుంది. ఇప్పుడు ఎల్‌ఈడీ లైట్లు వచ్చి ఖర్చు తగ్గినా ఆ కేక మాత్రం పోలేదు.

సెట్లో లైటు ఆర్పడానికి ఓ మనిషి ఉన్నాడు. మరి తరగతిగదిలో ఎవరున్నారు? అసలు చిక్కు అక్కడే.

కరెంటుకన్నా ముందు పుట్టిన బడులు

గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ మొదలైంది 1855లో. సికింద్రాబాదులో సెయింట్ ఆన్స్ 1871లో. గన్‌ఫౌండ్రీలోనే రోజరీ కాన్వెంట్ 1904లో. హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్కేంద్రం వచ్చింది 1920లో! అంటే, ఈ బడుల్లో తొలితరం పిల్లలు తలమీద కరెంటు ఫ్యాను లేకుండానే ఎక్కాలు వల్లెవేశారన్నమాట.

మరి ఉక్కపోయలేదా? పోసే ఉంటుంది. కానీ ఆ కాలపు కాన్వెంటు భవనాల తీరే వేరు. మందపాటి గోడలు, ఎత్తయిన పైకప్పు, దాని కింద వెంటిలేటర్లు, ఎదురెదురుగా కిటికీలు, గోడకి ఎండ తగలకుండా పొడవాటి వరండా. వేడిగాలి పైకి లేచి వెంటిలేటర్లలోంచి పోతే, ఆ ఖాళీలోకి కిటికీల్లోంచి కొత్తగాలి వస్తుంది. మీటరూ లేదు, బిల్లూ లేదు.

హైదరాబాద్ క్యాథలిక్ పీఠం 1953లో అగ్రపీఠమైంది. ఆ ఏడాదే అబిడ్స్‌లో లిటిల్ ఫ్లవర్, మరుసటేడాది హైదర్‌గూడలో సెయింట్ పాల్స్ వచ్చాయి. అప్పటికి కరెంటూ ఉంది, ఫ్యాన్లూ ఉన్నాయి. అయినా కాన్వెంటు చదువు అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది భవనం కాదు, క్రమశిక్షణ.

కట్టడం ఒక ఎత్తు, కట్టుబాటు ఒక ఎత్తు. బోర్డింగులో రాత్రి గంట కొడితే దీపాలు ఆర్పాల్సిందే. స్టడీ అవర్‌లో అంతా ఒకే హాల్లో కూర్చోవాల్సిందే. తలా ఒక గది, తలా ఒక దీపం అన్న మాటే లేదు. బోర్డు తుడిచి, బెంచీలు సర్ది, కిటికీ రెక్కలు మూసి కానీ ఇంటికి వెళ్లకూడదు. ఇవన్నీ కరెంటు మిగల్చడానికి పెట్టిన నియమాలు కావు. ‘ఇది అందరిదీ... కాబట్టి నాది కూడా’ అని నేర్పడానికి పెట్టినవి. కరెంటు పొదుపుకి కావలసిందీ సరిగ్గా ఆ గుణమే.

ఉత్తరంలో చిన్నమాట

2015లో పోప్ ఫ్రాన్సిస్ ‘లౌదాతో సి’ పేరుతో ఓ విశ్వలేఖ రాశారు. భూమి మనందరి ఉమ్మడి ఇల్లు, దాన్ని చూసుకోవాల్సింది మనమే అన్నది దాని సారం. వాతావరణ మార్పుల నుంచి ఆర్థిక విధానాల దాకా ఎన్నో పెద్ద విషయాలు చర్చించిన ఆ లేఖలో ఓచోట ఆయన ఇంట్లో పెద్దమ్మలా మాట్లాడతారు. అక్కర్లేని దీపాలు ఆర్పమంటారు. నీళ్లు తక్కువ వాడమంటారు. తినగలిగినంతే వండుకోమంటారు. కారులో నలుగురూ కలిసి వెళ్లమంటారు. ఈ చిన్నపనులతో లోకం మారుతుందా అని తీసిపారేయొద్దనీ చెబుతారు. ఆయన 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. 2021లో ఆ లేఖ ఆధారంగా వాటికన్ మొదలుపెట్టిన కార్యాచరణలో కుటుంబాలు, విచారణలు, ఆస్పత్రులతోపాటు బడులకూ చోటుంది.

మన కాన్వెంట్లలో అన్ని మతాల పిల్లలూ పక్కపక్కనే కూర్చుని చదువుతారు. ఎవరికీ ఇది కొత్తపాఠం కాదు. అన్నం పరబ్రహ్మస్వరూపం, మెతుకు పారేయకూడదని చెప్పే ఇంటి బిడ్డకీ తెలుసు. దుబారా చేసేవాళ్లని దేవుడు మెచ్చడని వినే ఇంటి బిడ్డకీ తెలుసు. మోరల్ సైన్స్ పీరియడ్‌లో విన్నదాన్ని స్విచ్చిబోర్డు దాకా తీసుకెళ్లడమే మిగిలింది.

ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను

ఓ లెక్క వేద్దాం. ఒక తరగతిలో 75 వాట్ల పాత ఫ్యాన్లు 4. చోక్‌తో కలిపి 50 వాట్లు తినే పాత ట్యూబ్‌లైట్లు 4. మొత్తం 500 వాట్లు. అసెంబ్లీ, ఇంటర్వెల్, లంచ్, ఆటల పీరియడ్, ఆఖరి గంట తర్వాత... అన్నీ కలిపి రోజుకి రెండుగంటలు ఎవరూ లేకుండా అవి నడిచాయనుకోండి. ఒక యూనిట్ పోయినట్లే.

ఒక్క యూనిట్టేగా అంటారా? 40 గదులున్న బడిలో రోజుకి 40. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే 8,800 యూనిట్లు! నెలకి వంద యూనిట్లతో గడిపే చిన్న కుటుంబానికి ఏడేళ్లకు పైగా సరిపోయే కరెంటు అది. మనదేశంలో ఒక్కో యూనిట్ తయారీకి సగటున 700 గ్రాముల దాకా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే సుమారు 6 టన్నులు. ఎవరికీ గాలి తగలకుండా తిరిగిన ఫ్యాన్ల ఖాతా ఇది!

తప్పెవరిది? ఎవరిదీ కాదు, అందుకే ఆగదు. గంట కొట్టగానే టీచరు మరో తరగతికి పరుగు. పిల్లలు మైదానానికి పరుగు. ఆయమ్మ ఊడ్చడానికి వచ్చేదాకా ఫ్యాన్లు అలా తిరుగుతూనే ఉంటాయి. స్విచ్చికి సొంతదారు లేడు. ఆ సొంతదారుని తయారుచేయగలిగిన ఏర్పాటు మాత్రం కాన్వెంట్లలో ఎప్పట్నుంచో ఉంది. అదే హౌస్ పద్ధతి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు జట్లు. బడి తెరిచిన కొద్దివారాల్లోనే లీడర్లకి బ్యాడ్జీలు పెట్టి ప్రమాణం చేయించే సంబరం. ఆ బ్యాడ్జీల్లో ఒకటి కరెంటు లీడరుకిస్తే? ప్రతి తరగతిలో వారానికి ఇద్దరు చొప్పున వంతులేస్తే? చదువులో, ఆటలో ఎప్పుడూ వెనకే ఉండిపోయే పిల్లలకీ హౌస్‌కి పాయింట్లు తెచ్చే అవకాశం దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. బిల్లు తగ్గిందో లేదో చూడాలంటే జూన్‌ని మే నెలతో పోల్చకూడదు. మేలో బడే లేదు కదా! నిరుటి జూలైతో ఈ జూలైని పోల్చాలి. ఆ అంకెల్ని నోటీసుబోర్డుమీద పెట్టి, గ్రాఫు గీసే పని లెక్కల పీరియడ్‌కి అప్పగిస్తే చదువుకి చదువు, పొదుపుకి పొదుపు.

ఏసీ గది కావాలా?

పొదుపంటే పిల్లల్ని చెమటల్లో కూర్చోబెట్టడం కాదు. పిల్లలున్న గదిలో ఫ్యాను తిరగాల్సిందే. కానీ ఇప్పుడు అడ్మిషన్ల సమయంలో తల్లిదండ్రుల నుంచి వినిపిస్తున్న ప్రశ్న వేరు... ‘క్లాసులో ఏసీ ఉందా?’

పెద్ద తరగతికి రెండు టన్నుల ఏసీలు రెండు పెట్టారనుకుందాం. రెండూ కలిసి 4 కిలోవాట్లు. కంప్రెసరు మధ్యమధ్యలో ఆగుతుందనుకున్నా ఆరుగంటల బడిలో రోజుకి 15 యూనిట్లకు తగ్గదు. అదే గదిలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగు ఆరుగంటలు తిరిగితే ఖర్చయ్యేది ముప్పావు యూనిట్. తేడా 20 రెట్లు! ఆ బిల్లు చివరికి చేరేది ఫీజులోకే. పైగా ఏసీ కోసం తలుపులు బిగిస్తే నలభైమంది వదిలిన గాలినే మళ్లీ పీల్చాలి. మధ్యాహ్నం పాఠంలో ఆవలింతలకి అదీ ఓ కారణమే.

అసలు బాధ ఎక్కువగా ఉండేది పైఅంతస్తు గదుల్లో. ఎండంతా శ్లాబుమీదే. దానికి మందు తెల్లరంగు. ఎండని వెనక్కి కొట్టే సున్నమో, కూల్‌రూఫ్ పూతో వేస్తే కింది గది చల్లబడుతుంది. తెలంగాణ 2023లో దీనికోసం ప్రత్యేకంగా కూల్‌రూఫ్ విధానమే తెచ్చింది. పూత వేయించడానికి వేసవి సెలవులను మించిన సమయం లేదు.

సోలార్ పలకలకీ బడి డాబా అనువైన చోటు. ఒక కిలోవాట్‌కి రోజుకి సుమారు 4 యూనిట్లు వస్తాయి. బడి నడిచేదీ పగలే, ఎండ ఉండేదీ పగలే. నెట్ మీటరింగ్ ఉంటే, సెలవుల్లో బడి వాడుకోని కరెంటు గ్రిడ్‌కి వెళ్లి ఖాతాలో జమవుతుంది. అయితే వరస ముఖ్యం. ముందు వృథా ఆపాలి, తర్వాత పాత ఫ్యాన్లు మార్చాలి, ఆ తర్వాతే పలకలు. చిల్లుకుండలో ఎన్ని నీళ్లు పోస్తే నిండుతుంది?

రెండొందల యూనిట్ల గీత

జూబ్లీహిల్స్ బంగళాకీ, ఫిల్మ్‌నగర్ బస్తీలోని ఒంటిగది ఇంటికీ మధ్య దూరం కొన్నిచోట్ల ఒక్క మలుపే. బంగళాలో గదికో ఏసీ. బస్తీ ఇంట్లో అందరికీ కలిపి ఒక ఫ్యాను. ఆ రెండిళ్ల పిల్లలూ బడిలో ఒకే బెంచీమీద కూర్చోవచ్చు. కరెంటు పాఠం ఇద్దరికీ అవసరమే, కారణాలే వేరు.

తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో అర్హులైన కుటుంబాలకి నెలకి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. దాటితే మాత్రం వాడినదంతా కట్టుకోవాలి. అందుకే బస్తీలోని అమ్మకి 190వ యూనిట్ దగ్గర గుండె వేగం పెరుగుతుంది. పిల్లాడు కట్టేసిన ఒక్క లైటు ఆ నెల ఖర్చుని నిలబెట్టవచ్చు. బంగళా సంగతి వేరు. 2022లో సవరించిన చార్జీల్లో 800 యూనిట్లు దాటాక ఒక్కో యూనిట్ 10 రూపాయలు. అక్కడ ఏసీని 18 నుంచి 24కి తెస్తే చాలు. ఒక్కో డిగ్రీకి సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది.

అందుకే టీచర్లకో మనవి. ‘అందరూ మీ ఇంటి కరెంటు బిల్లు తీసుకురండి’ అని ప్రాజెక్టు ఇవ్వకండి. బిల్లు చూస్తే ఇల్లు తెలిసిపోతుంది. ఎవరి ఇంటిని వాళ్ల నిరుటి వాడకంతోనే పోల్చుకోమనండి. 900 నుంచి 810కి తగ్గించినా, 100 నుంచి 90కి తగ్గించినా... ఇద్దరూ పదిశాతం పొదుపు వీరులే!

డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం. బీఈఈ 2005 నుంచి బడిపిల్లలకి ఈ అంశంమీద చిత్రలేఖన పోటీలు పెడుతోంది. వెలుగుతున్న బల్బు, నవ్వుతున్న భూమి... బొమ్మలు ఎంతో ముచ్చటగా ఉంటాయి. కానీ డిసెంబరులో ఆ బొమ్మ గీసే చెయ్యి, జూన్‌లోనే స్విచ్చిని వెతుక్కోవడం నేర్చుకోవాలి.

తొలివారంలోనే... ఇలా!

* ప్రతి స్విచ్చి పక్కన ఏ ఫ్యానుదో, ఏ లైటుదో రాసి అంటించండి. ఒక్క లైటు కోసం అన్ని స్విచ్చులూ నొక్కే పని తప్పుతుంది.

* కిటికీ పక్క వరస లైట్లకి విడిగా స్విచ్చి ఉంటే పగలు వాటిని ఆపేయొచ్చు.

* ఫ్యాను రెక్కలమీద, ట్యూబ్‌లైట్లమీద సెలవుల్లో పేరుకున్న దుమ్ము తుడిపించండి. గాలీ వెలుగూ పెరుగుతాయి.

* నీళ్లట్యాంకు పొంగిందంటే నీళ్లతోపాటు మోటారు కరెంటూ పోయినట్లే. నిండగానే ఆగే ఏర్పాటు చేయించండి.

* కంప్యూటర్ ల్యాబులో ఆఖరి బ్యాచ్ వెళ్లేటప్పుడు మెయిన్ స్విచ్చి ఆపే బాధ్యత ఒకరికి అప్పగించండి.

* పక్కింటి పిల్లలదీ అదే బడి అయితే కారు ఒకటి చాలు. పెద్ద పిల్లలకి మెట్రో దారి ఉంటే ఇంకా మేలు. గేటు దగ్గర ఎదురుచూసేటప్పుడు ఇంజిను ఆపేయండి.

* పొట్టయిన యూనిఫాం, చదివేసిన పుస్తకాలు కింది తరగతి పిల్లలకి చేరేలా బడిలోనే ఒకరోజు పెట్టుకోండి. కొత్తవి తయారవ్వాలన్నా కరెంటు కావాలి కదా!