ప్రాణమున్న బంగారు బల్లి

కంచికి పోయి వచ్చినవాళ్ళు వరదరాజస్వామి గుళ్ళో బంగారు బల్లిని తాకినామని చెప్తారు. అది పైకప్పుకు ఉండే బొమ్మ. ప్రాణంతో తిరిగే బంగారు బల్లి మన పక్కనే, శేషాచలం కొండల్లో ఉంది. మదనపల్లెలో తిరుపతి బస్సెక్కితే పీలేరు దాటినాక భాకరాపేట ఘాట్ వస్తుంది కదా, ఆ కొండలే.

సైన్సు పుస్తకంలో సాలమాండర్ బొమ్మ చూసి కొందరు దీన్నీ అదే అనుకుంటారు. సాలమాండర్ కప్పల వర్గంది. దాని చర్మానికి పొలుసులుండవు. మన దేశంలో అది డార్జిలింగ్ వైపు, ఈశాన్య కొండల్లో తప్ప దక్షిణాన యాడా లేదు. మనది పొలుసులున్న అసలైన బల్లి. అయితే ఇంటి బల్లి మాదిరి యాడంటే ఆడ బతకదు. వాగు పక్కన పెద్ద పెద్ద బండలు, వాటి సందుల్లో చల్లదనం, చీకటి ఉండాల. ఎండాకాలంలో మన చిత్తూరు సీమ ఎట్లా కాగుతుందో మీకు చెప్పాల్నా? ఆ కాకలో దానికి చల్లని ఇల్లు ఆ బండ సందే.

తోకతో కలిపినా జానెడు ఉండదు. పసుపు బంగారంలా మెరిసేది మగది, అదీ జతకట్టే కాలంలో. ఆడది మట్టి రంగు. గొంతు మాత్రం పెద్దది. మనం మాట్లాడేటప్పుడు ఇంటి బల్లి పలికితే పెద్దోళ్ళు ‘సత్యం’ అంటారే, ఇది అరిస్తే ఎన్నిసార్లు అనాల్నో!

1870లో బెడ్డోమ్ అనే ఇంగ్లీషు దొర తిరుపతి కొండల్లో దీన్ని చూసి లోకానికి చెప్పినాడు. శాస్త్రీయ నామం కాలోడాక్టిలోడెస్ ఆరియస్. అందమైన వేళ్ళున్న బంగారు రంగుది అని అర్థం. తర్వాత ఎన్నో ఏండ్లు ఎవరికీ కనపడలేదు. 1980ల్లో తిరుమల కొండల్లోనే మళ్ళీ దొరికింది. ఆ తర్వాత పాపికొండల్లో, తమిళనాడు కొండల్లో కూడా చూసినారు. దీని చుట్టం ఇంకొకటి శ్రీలంకలో ఉంది.

నాకు అన్నిటికన్నా వింతగా తోచింది దీని గుడ్ల సంగతి. ఆడ బల్లులు చాలా కలిసి ఒకే బండ అడుగున గుడ్లు అతికిస్తాయి. పాత పెంకుల పక్కనే మళ్ళీ కొత్తవి పెడతాయి. అందుకే ఒక్క బండను పగలగొట్టినా, దాని కింద మంట పెట్టినా, పోయేది ఒక తల్లి పిల్లలు కాదు, ఎందరో తల్లుల పిల్లలు. కొండకు నిప్పు అంటుకున్నా అంతే. దాని పక్కన వాగు ఎండినా బండ సందు వేడెక్కిపోతుంది. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో పులితో పాటు దీన్నీ చేర్చినారు. పట్టుకుంటే జైలే.

మన హాస్టల్ గోడ మీద బల్లిని చెప్పుతో కొట్టేవాళ్ళు కొందరున్నారు, పేర్లు రాయను. అదీ దీని జాతిదే, మన దోమల్నే తింటుంది.

వార్డెన్ సార్‌కు ఒక మనవి. ఈ ఏడు ఎక్స్‌కర్షన్ తలకోనకు పెట్టండి సార్. జలపాతం దారిలో బండల అడుగు వంగి చూస్తే చాలు, ఎత్తాల్సిన పని లేదు. తెల్లగా గుండ్రటి మచ్చలు వరసగా కనిపిస్తే అవి పాత గుడ్ల పెంకులు కావచ్చు.